సంక్రాంతికి ఊరెళ్తున్నాం, కాలనీలో వరుసగా దొంగతనాలు.. ఇల్లు ఎలా వదిలి వెళ్ళాలి?

ప్రశ్న: అన్నా నమస్తే. మాది బోడుప్పల్ వైపు ఒక కాలనీ, ఎక్కువ ఇండిపెండెంట్ ఇళ్ళే. దసరా తర్వాత నుంచి మా లైన్లోనే మూడు ఇళ్ళల్లో తాళాలు పగలగొట్టి బంగారం ఎత్తుకెళ్ళారు, అందులో ఒకటి పట్టపగలే, భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకెళ్ళాక. వెనకింటి తమ్ముడి బండి గేటు ముందు నుంచే పోయింది, స్టేషన్‌కి వెళ్తే రెండ్రోజులు వెతుక్కోండి తర్వాత చూద్దాం అన్నారంట. అసోసియేషన్ వాళ్ళు కాలనీ అంతా కెమెరాలు పెడదాం, ఇంటికి ఆరు వేలు ఇవ్వండి అంటున్నారు, మా ఆయనేమో అవి దండగ అంటున్నారు. గ్రూప్‌లో రోజూ ఎవరో ఒకరి ఫొటో పెట్టి వీడే దొంగ అంటారు, దుప్పట్లు అమ్మేవాళ్ళు, చెత్త ఏరుకునేవాళ్ళు, ఇప్పుడు మా పనమ్మాయి దాకా వచ్చింది, ఆమె ఐదేళ్ళ నుంచి మా ఇంట్లో చేస్తోంది. సంక్రాంతికి వారం రోజులు రాజమండ్రి అత్తగారింటికి వెళ్తున్నాం. పైన పోర్షన్ కూడా ఖాళీ. ఇంట్లో ఇరవై తులాల దాకా బంగారం ఉంది. పండగయ్యాక అత్తయ్య, మామయ్య మాతో వచ్చి నెల ఉంటారు, అప్పుడు అక్కడి ఇల్లు తాళం. నిద్ర పట్టట్లేదు, ఏం చేయాలో చెప్పండి.

సమాధానం: చెల్లెమ్మా, ముందు బంగారం సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ భయమంతా దాని చుట్టూనే ఉంది. ఇరవై తులాలు ఇంట్లో పెట్టి వారం రోజులు తాళం వేసి వెళ్ళకండి, ఎంత గట్టి తాళమైనా సరే. తులం లక్ష దాటిన రోజుల్లో అది మీ ఇంట్లో సామాన్లన్నీ కలిపినా రాని సొమ్ము. బ్యాంకు లాకర్ లేకపోతే ఇవాళే అడగండి, మీ బ్రాంచిలో ఖాళీ లేదంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాయించుకుని నంబర్ తీసుకోండి, ఆ నంబర్ ఇవ్వాలని ఆర్‌బీఐ రూలే ఉంది, ఈలోపు ఇంకో బ్రాంచిలో, ఇంకో బ్యాంకులో కనుక్కోండి, మీ అమ్మగారికో అన్నయ్యకో లాకర్ ఉంటే ఈ పండక్కి అందులో పెట్టించండి. లాకర్ గురించి ఒక మాట మాత్రం తెలిసి ఉండాలి. 2022 జనవరి 1 నుంచి వచ్చిన రూల్ ప్రకారం బ్యాంకులో దొంగతనం జరిగినా, అగ్నిప్రమాదమైనా, వాళ్ళ ఉద్యోగులే మోసం చేసినా బ్యాంకు ఇచ్చేది లాకర్ ఏడాది అద్దెకి వంద రెట్ల దాకానే, అంటే అద్దె మూడు వేలైతే మూడు లక్షలు. వరదలు, భూకంపాలకైతే ఆ బాధ్యత కూడా ఉండదు. లోపల ఏం పెట్టారో బ్యాంకుకి తెలియదు కదా, అందుకే ఆ లెక్క. అయినా మీ బెడ్రూమ్ బీరువా కంటే లాకర్ వెయ్యి రెట్లు నయం, అందులో వాదనేం లేదు.

లాకర్‌లో పెట్టేముందు ప్రతి నగనీ ఒక తెల్ల గుడ్డ మీద పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి, బరువు రాసుకోండి, బిల్లులు ఫోన్లో స్కాన్ చేసి మెయిల్‌కి పంపుకోండి. 2023 ఏప్రిల్ నుంచి కొన్న హాల్‌మార్క్ నగల మీద అక్షరాలు, అంకెలు కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ కోడ్ ఉంటుంది, ప్రతి నగకీ వేరేది, మామూలు కంటికి సరిగ్గా కనపడదు, షాపులో లెన్స్‌తో చూపించమని అడిగి రాసుకోండి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే వివరాలు వస్తాయి. ఇదంతా ఎందుకంటే, పోలీసులు దొంగని పట్టుకుని సొత్తు టేబుల్ మీద పరిచిన రోజు అక్కడ నలుగురు ఐదుగురి గొలుసులు కలిసిపోయి ఉంటాయి, ఇది నాదే అని చెప్పడానికి మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి. కోర్టు నుంచి విడిపించుకోవడానికి కూడా అదే కావాలి. విలేకరిగా క్రైమ్ బీట్ చూసిన రోజుల్లో సొత్తు దొరికాక కూడా బిల్లు లేక, ఫొటో లేక, చివరికి పెళ్ళి ఆల్బమ్ పట్టుకుని స్టేషన్‌కి వచ్చిన ఆడవాళ్ళని చూశాను. ఆల్బమ్ కూడా పనికొస్తుంది, పారేయకండి.

పండక్కి పెట్టుకునేవి ఎలాగూ తీసుకెళ్తారు కదా, అవి సూట్‌కేసులో వద్దు, బస్సు డిక్కీలో అసలే వద్దు. సంక్రాంతి రష్‌లో బ్యాగు మారిపోయినా కనుక్కోలేం. మీ ఒంటి మీదో, మీ చేతి బ్యాగులోనో ఉండాలి, నిద్రపోతే ఆ బ్యాగు మీ ఆయన దగ్గర ఉండాలి. మొత్తం పట్టుకెళ్ళకుండా నాలుగు రోజులకి ఏది సరిపోతుందో అదే తీసుకెళ్ళండి.

ఇక ఇల్లు. దొంగల గురించి నేను నేర్చుకున్నది ఒక్కటే ఉంది, వాడికి కావాల్సింది తీరుబడి. తాళం పగలగొట్టడం వాడికి పెద్ద పని కాదు, ఒక ఇనుప రాడ్డు, రెండు మూడు నిమిషాలు. ఆ తర్వాత బీరువా తెరవాలి, చీరల మడతల్లో వెతకాలి, పరుపు ఎత్తాలి, దేవుడి గూట్లో చూడాలి, బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టాలి (అవును, అందరూ దాచే చోట్లన్నీ వాళ్ళకి తెలుసు), దానికి అరగంటో గంటో ఎవరూ రారనే ధైర్యం కావాలి. ఆ ధైర్యం ఇచ్చేది మీ ఇల్లే, బయట నుంచి చూడగానే ఇక్కడ ఎవరూ లేరు, రేపు కూడా రారు అని అదే చెప్పేస్తుంది. అందుకే వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి వస్తే పోలీసులు ప్రతి ఏడాదీ అవే జాగ్రత్తలు మళ్ళీ మళ్ళీ చెప్తారు. సంక్రాంతికి హైదరాబాద్ సగం ఖాళీ అయిపోతుందని, విజయవాడ హైవే మీద పంతంగి టోల్ దగ్గర కార్లు బారులు తీరతాయని టీవీల్లో మనకి తెలిసినప్పుడు దొంగకి మాత్రం తెలియదా.

ఇంకో విషయం చాలామంది ఆలోచించరు. ధనుర్మాసంలో మీ లైన్ అంతా పొద్దున్నే ముగ్గులు వేస్తారు కదా, రంగులు, గొబ్బెమ్మలు, వీధంతా కళకళలాడుతూ ఉంటుంది, మధ్యలో ఒక్క ఇంటి ముందు మాత్రం నాలుగు రోజుల కిందటి ముగ్గు చెరిగిపోయి, ఎండుటాకులు పడి ఉంటే అది తాళం వేసిన ఇల్లని చెప్పడానికి వేరే బోర్డు అక్కర్లేదు. పక్కింటి వాళ్ళకి చెప్పి రోజూ ఒక చిన్న ముగ్గు వేయించండి, నాలుగు చుక్కలు పెట్టినా చాలు. పాల ప్యాకెట్, పేపర్ ఆపించేయండి, ఇద్దరూ ఆపేశాం అనుకుంటాం కానీ చివరి రోజు హడావుడిలో మర్చిపోతాం కాబట్టి ఇప్పుడే ఫోన్ చేసేయండి. గేటుకి ఎవరైనా పాంప్లెట్ గుచ్చి వెళ్తే పక్కింటి వాళ్ళని తీసేయమనండి, అది రెండు రోజులు అలాగే ఉందంటే ఎవరూ లేరని అర్థం. ఆన్‌లైన్ పార్సిళ్ళు ఆ వారంలో వచ్చేలా ఆర్డర్ పెట్టకండి.

లైట్ల విషయంలో అందరూ ఒకటే చేస్తారు, వరండా లైట్ వేసి వెళ్ళిపోతారు. అది రాత్రి బాగానే ఉంటుంది, పగలు పన్నెండింటికి కూడా వెలుగుతుంటే మాత్రం వాడికి గుర్తు చూపించినట్టే. చీకటి పడితే వెలిగి తెల్లారితే ఆరిపోయే సెన్సర్ బల్బులు దొరుకుతాయి, మామూలు హోల్డర్‌లోనే పడతాయి, ముందు ఒకటి వెనక ఒకటి పెట్టండి, వెనకది ముఖ్యం. లోపల హాల్లో టైమర్ ప్లగ్‌కి ఒక లైట్ తగిలించి సాయంత్రం ఏడు నుంచి పది దాకా వెలిగేలా పెట్టుకోవచ్చు, ఖర్చు పెద్దగా ఉండదు.

తాళం బయటికి వేలాడకూడదు. ముందు గ్రిల్‌కి పెద్ద తాళం బుర్ర వేసి గర్వంగా వెళ్తాం, రోడ్డు మీద బండి మీద పోయేవాడికి కూడా అది కనిపిస్తుంది. తలుపులోనే అమర్చిన సెంట్రల్ లాక్ ఉంటే అదే వాడండి, గ్రిల్ తాళం లోపలి వైపుకి వచ్చేలా వేయండి, ముందు కర్టెన్ వేసేయండి. మీది ఇండిపెండెంట్ ఇల్లు కాబట్టి నాకు ముందు తలుపు కంటే డాబా మీద తలుపు మీద అనుమానం ఎక్కువ. చాలా ఇళ్ళల్లో ముందు తలుపు టేకుది, వేలకి వేలు పోసి చేయిస్తారు, మెట్ల పైన డాబాకి వెళ్ళే తలుపు మాత్రం పల్చటి రేకో ప్లైవుడ్డో, ఒక్క గొళ్ళెం, పక్కింటి డాబా మీద నుంచి ఒక అంగలో దూకేయొచ్చు, పైన పోర్షన్ ఖాళీ అంటున్నారు కాబట్టి అడుగుల చప్పుడు విని పైకి చూసేవాళ్ళు కూడా లేరు. ఆ తలుపుకి లోపల నుంచి అడ్డంగా ఇనుప గెడ వేయించండి, వెల్డింగ్ షాపు వాళ్ళు ఒక పూటలో చేసేస్తారు. బాత్రూమ్ వెంటిలేటర్ అద్దాలు, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బొక్క, కిటికీ గ్రిల్ స్క్రూలు బయట వైపు ఉన్నాయా లోపల వైపు ఉన్నాయా, ఇవన్నీ ఒకసారి దొంగ కళ్ళతో చుట్టూ తిరిగి చూడండి. నిచ్చెన, గునపం, పార లాంటివి పెరట్లో వదిలేసి వెళ్ళకండి, వాడికి పనిముట్లు మనమే అందించినట్టు అవుతుంది. తాళం చెవి చెప్పుల స్టాండ్‌లో, మీటర్ బోర్డు మీద, పూలకుండీ కింద వద్దు. బీరువా తాళాలు బీరువా మీదే పెట్టే అలవాటు ఉంటే ఇవాళే మానేయండి.

ఖాళీ బీరువాకి తాళం వేయాలా వద్దా అని చాలామంది అడుగుతారు. బంగారం, డబ్బు, కాగితాలు తీసేశాక తాళం వేయకుండా వదిలేయమనే నేను చెప్తాను, లేకపోతే లోపల ఏదో ఉందనుకుని దాన్ని కూడా పొడిచి పాడుచేస్తాడు. దీనికి ఒప్పుకోని వాళ్ళు ఉన్నారు, మీ ఇష్టం.

వెళ్ళేముందు మీ స్టేషన్‌కి వెళ్ళి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఉండరో, ఇంటి నంబర్, మీ ఫోన్ నంబర్, పక్కింటి వాళ్ళ నంబర్ రాసి ఇవ్వండి. పండగ ముందు పోలీసులు అడిగేదే ఇది, రాత్రి పెట్రోలింగ్‌లో ఆ వైపు ఒక రౌండ్ వేస్తారు. అది ఎంతవరకు జరుగుతుందనేది స్టేషన్‌ని బట్టి, సిబ్బందిని బట్టి ఉంటుంది, ఆ మాట దాచను, కానీ అడగడానికి ఖర్చేం లేదు. రాజమండ్రి ఇంటికి మాత్రం మీకు ఇంకో మంచి వసతి ఉంది. ఏపీ పోలీసులది ఎల్‌హెచ్‌ఎంఎస్ అని, తాళం వేసిన ఇళ్ళ నిఘా యాప్ ఉంది, అందులో ఇల్లు రిజిస్టర్ చేసుకుని ఊరెళ్ళే తేదీలు పెట్టి నిఘా కోరితే పోలీసులు వచ్చి ఇంట్లో ఒక కెమెరా బిగిస్తారు, మీరు లేనప్పుడు లోపల ఎవరైనా కదిలితే కంట్రోల్ రూమ్‌కి అలర్ట్ వెళ్తుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. ఎన్నాళ్ళ నుంచో ఉన్నా సగం మందికి తెలియదు. మీ మామయ్యగారికి యాప్ చేతకాకపోతే మీరే పండగ రోజుల్లో ఆయన ఫోన్లో రిజిస్టర్ చేసేయండి, బయల్దేరే ముందు రోజు ఆదరాబాదరాగా కాకుండా, కెమెరా దొరకడం కూడా ముందుగా అడిగితేనే నయం.

రైలెక్కగానే ఫొటో తీసి స్టేటస్ పెట్టొద్దని వేరే చెప్పాలా? మీ స్టేటస్ చూసేది చుట్టాలు మాత్రమే కాదు, ఏసీ రిపేర్ అబ్బాయి నంబర్, వాటర్ క్యాన్ అతని నంబర్, ఎప్పుడో ఇల్లు చూడ్డానికొచ్చిన అద్దె బ్రోకర్ నంబర్ అన్నీ మీ ఫోన్లో ఉంటాయి. వచ్చాక అన్ని ఫొటోలూ ఒకేసారి పెట్టుకోండి.

పగటి దొంగతనం సంగతి. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళని వాళ్ళు ఒకటి రెండు రోజులు గమనిస్తారు, పదిన్నరకి బయటికెళ్ళి సాయంత్రం దాకా రారని తేలితే మధ్యాహ్నం వచ్చేస్తారు, ఆ టైమ్‌లో రోడ్డు మీద ఎవరూ ఉండరు, ఉన్నా రాత్రి అయితే వచ్చే అనుమానం పగలు రాదు, చేతిలో బ్యాగు పట్టుకుని గేటు తీస్తుంటే చుట్టమో ఎలక్ట్రీషియనో అనుకుంటాం. దీనికి మందు తాళం కాదు, ఎదురింటి పెద్దావిడ. మధ్యాహ్నం ఇంట్లో ఉండే రిటైర్డ్ వాళ్ళు, పెద్దవాళ్ళు మీ లైన్లో ఎవరున్నారో చూడండి, వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడి మీ నంబర్ ఇచ్చి వాళ్ళ నంబర్ తీసుకోండి, మా ఇంటికి పగలు ఎవరూ రారండీ, ఎవరైనా గేటు తీస్తే ఒక్క ఫోన్ కొట్టండి అని చెప్పండి. గట్టిగా "ఎవరు బాబూ కావాలి?" అని ఒక్క కేక వినపడితే చాలామంది దొంగలు తప్పు అడ్రస్ అని చెప్పి వెళ్ళిపోతారు. వాళ్ళ తీరుబడి అక్కడితో పోయింది.

మీ అత్తయ్యగారు వచ్చాక ఒకటి చెప్పండి. ఊళ్ళో అలవాటుగా తెల్లవారకముందే లేచి ముగ్గు వేయడానికి గేటు బయటికొస్తారు, మెడలో పుస్తెలతాడు, నల్లపూసలు, తల వంచుకుని ఉంటారు, చైన్ స్నాచింగ్ చేసేవాళ్ళకి అంతకంటే అనువైన సమయం లేదు. కొంచెం వెలుతురు వచ్చాకే వేయమనండి, కొంగు మెడ చుట్టూ కప్పుకోమనండి, అడ్రస్ అడుగుతూ బండి ఆపితే దగ్గరికి వెళ్ళకుండా అక్కడి నుంచే చెప్పమనండి. నగలకి పాలిష్ పెడతామని వచ్చేవాళ్ళు, మేం పోలీసులం, ముందు దొంగతనాలు జరుగుతున్నాయి, నగలు తీసి కాగితంలో పొట్లం కట్టుకోండి అనేవాళ్ళు, ఇద్దరూ మోసగాళ్ళే. అసలు పోలీసు ఎవడూ రోడ్డు మీద ఆడవాళ్ళ నగలు విప్పమనడు.

కెమెరాల దగ్గర మీ ఆయన సగం కరెక్ట్, అసోసియేషన్ సగం కరెక్ట్. కెమెరా దొంగని ఆపదు, దొంగతనం అయ్యాక దారి చూపిస్తుంది. 2021 డిసెంబర్‌లో విజయవాడ, తాడేపల్లి చుట్టుపక్కల చెడ్డీ గ్యాంగ్ తిరిగినప్పుడు జనం చూసిందంతా కెమెరాల్లోనే, గుజరాత్ దాకా వెళ్ళి వాళ్ళని పట్టుకోవడానికి అలాంటి ఫుటేజే ఉపయోగపడింది, కానీ అవే కెమెరాలు ఉండగానే వాళ్ళు గోడలు దూకారు కూడా. కాబట్టి డబ్బులు ఇవ్వండి, ఎలా ఖర్చు పెడతారో మాత్రం అడగండి. కాలనీకి వచ్చే దారులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఆ దారుల్లో బండి నంబర్ ప్లేటు, మనిషి మొహం రాత్రి పూట కూడా చదవగలిగే మంచి కెమెరాలు నాలుగు పెట్టడం, ప్రతి స్తంభానికీ ఒక చవక కెమెరా పెట్టడం కంటే నయం. మరీ ఎత్తులో బిగిస్తే టోపీలు, నడినెత్తులే కనిపిస్తాయి. రికార్డర్ డబ్బాని వాచ్‌మన్ గదిలో టేబుల్ మీద పెట్టకూడదు, దొంగలు పోతూ పోతూ దాన్నే పీక్కుపోతారు, ఇళ్ళల్లో టీవీ కింద పెట్టినవి ఎన్నో అలా పోయాయి. కరెంటు పోతే బ్యాకప్ ఉందా, ఎన్ని రోజుల రికార్డింగ్ నిలుస్తుంది, కెమెరాలో టైమ్ సరిగ్గా ఉందా, వచ్చే ఏడాది రిపేర్ ఖర్చు ఎవరిది, పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎవరి బెడ్రూమ్ కిటికీ వైపైనా తిరిగి ఉందా, ఇవి అడిగితే కొందరికి కోపం వస్తుంది, వస్తే రానివ్వండి. స్టేషన్ వాళ్ళని కూడా పిలవండి, ఏ మూల పెడితే మెయిన్ రోడ్డు కెమెరాలతో కలుస్తుందో వాళ్ళకి తెలుసు, హైదరాబాద్‌లో 'నేను సైతం' అనే పేరుతో కాలనీ కెమెరాలని వాళ్ళే ప్రోత్సహించారు కాబట్టి రాకుండా ఉండరు.

ఇప్పుడు గ్రూప్ సంగతి, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇదే. 2018 వేసవిలో మన రెండు రాష్ట్రాల్లో పార్థీ గ్యాంగ్ అనే దొంగల ముఠా వచ్చింది, పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారు అని వాట్సాప్‌లో ఏవేవో వీడియోలు తిరిగాయి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళని, మతి స్థిమితం లేనివాళ్ళని, అడుక్కునేవాళ్ళని జనం పట్టుకుని కొట్టారు, హైదరాబాద్‌లోనే చాంద్రాయణగుట్ట దగ్గర ఒక ట్రాన్స్‌జెండర్ మనిషిని కొట్టి చంపేశారు. ఆ చచ్చిపోయిన మనిషి ఎవర్నీ ఎత్తుకెళ్ళలేదు. మీ గ్రూప్‌లో దుప్పట్లు అమ్మేవాడి ఫొటో పెట్టేవాళ్ళు అంత దూరం వెళ్ళాలనుకోరు, నిజమే, 2018లో ఫార్వర్డ్ చేసినవాళ్ళూ అనుకోలేదు. ఇంకా వెనక్కి వెళ్తే బ్రిటిష్ వాళ్ళు 1871లో ఒక చట్టం తెచ్చి కొన్ని కులాలకి కులాలనే పుట్టుకతో దొంగలని రాసేశారు, మన దగ్గర ఎరుకల కుటుంబాలని తీసుకెళ్ళి స్టువర్టుపురంలో పెట్టారు, ఆ చట్టం 1952లో పోయింది, కానీ స్టువర్టుపురం అన్నా, కావలి దగ్గర కప్పరాళ్ళతిప్ప అన్నా మనవాళ్ళు ఇప్పటికీ నవ్వుతూ జేబులు తడుముకుంటారు, అక్కడి పిల్లలు చదువుకుని ఉద్యోగాలకి వెళ్ళి ఊరి పేరు చెప్పడానికి మొహమాటపడాలి. బట్టలు చూసి, భాష చూసి దొంగని తేల్చే గ్రూప్ కూడా చేసేది అదే పని. పైగా అసలు దొంగకి ఇది లాభం, అందరూ చెత్త ఏరుకునేవాణ్ణి చూస్తుంటే వాడు మంచి షర్టు వేసుకుని బైక్ మీద వెళ్ళిపోతాడు.

గ్రూప్‌లో రూల్ పెట్టించండి, మనుషుల ఫొటోలు వద్దు, జరిగింది రాయండి. మూడో లైన్లో తెల్ల కారు నంబర్ ఇది, రాత్రి రెండింటికి లైట్లు ఆర్పి నిలబడింది, ఇలా రాస్తే పోలీసులకి పనికొస్తుంది. అనుమానం గట్టిగా ఉంటే గ్రూప్‌కి కాదు, 100కో 112కో ఫోన్ చేయాలి. ఎవరైనా నిజంగా దొరికినా కొట్టకూడదు. మామూలు మనిషి దొంగని పట్టుకోవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఆరు గంటల్లోపు పోలీసులకి అప్పగించాలి, ఈలోపు చెయ్యి చేసుకుంటే కేసు మీ కాలనీ వాళ్ళ మీదే అవుతుంది.

మీ పనమ్మాయి గురించి. ఇంట్లో పనిచేసే మనుషుల ద్వారా సమాచారం బయటికి వెళ్ళిన కేసులు నేను చూడలేదని అనను, కానీ ఐదేళ్ళుగా వస్తున్న మనిషి మీద గ్రూప్‌లో ఎవరో ఒక మాట అనేస్తే ఆమెకి మిగతా నాలుగు ఇళ్ళల్లో పని పోతుంది. మీరే గ్రూప్‌లో రాయండి, ఈవిడ నాకు తెలుసు, ఆధారం ఉంటే స్టేషన్‌లో చెప్పండి, లేకపోతే ఆ మెసేజ్ తీసేయండి అని. మీరు మాట్లాడకపోతే ఇంకెవరు మాట్లాడతారు? బీరువా ఎవరి ముందూ తెరవకుండా ఉండటం వేరే సంగతి, అది పనమ్మాయికే కాదు, కర్టెన్లు బిగించడానికొచ్చిన వాళ్ళకీ, చుట్టాలకీ వర్తిస్తుంది.

అన్నీ చేశాక కూడా జరిగితే? తిరిగొచ్చేసరికి తాళం పగిలి ఉంటే లోపలికి వెళ్ళకండి, వాడు ఇంకా లోపలే ఉండొచ్చు. బయటే నిలబడి 100కి ఫోన్ చేయండి. ఎంత పోయిందో చూసుకోవాలనే ఆత్రంలో ఇంట్లో వాళ్ళు, చుట్టుపక్కల వాళ్ళు ఇరవై మంది బీరువా తలుపు పట్టుకుంటారు, ఆ తర్వాత క్లూస్ టీమ్ వచ్చి వేలిముద్రలు ఎక్కడ తీయాలి? వాడు తాగి పడేసిన వాటర్ బాటిల్ కూడా అక్కడే ఉండనివ్వండి. హోమ్ లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు, భారత్ గృహ రక్ష లాంటి పాలసీ ముఖ్యంగా అగ్నిప్రమాదం, వరద లాంటివాటికి, అందులో దొంగతనం కవర్ అయ్యేది అలాంటి ప్రమాదం జరిగాక వారం లోపల దాని వల్ల జరిగితేనే. తాళం పగలగొట్టి ఎత్తుకుపోయిన దానికి బర్గలరీ కవర్ విడిగా తీసుకోవాలి, నగలకి అందులో పరిమితి ఎంతో చదివి సంతకం పెట్టండి.

చివరగా ఆ తమ్ముడి బండి. రెండ్రోజులు ఆగమనడం తప్పు. దొంగతనం అని ఫిర్యాదు ఇస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 173వ సెక్షన్ ప్రకారం మీ ఏరియా కాదన్నా జీరో ఎఫ్‌ఐఆర్ తీసుకోవాలి, కాపీ ఉచితంగా ఇవ్వాలి, ఆన్‌లైన్‌లో ఇచ్చినా మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెడితే సరిపోతుంది. అయినా తీసుకోకపోతే అదే ఫిర్యాదుని పోస్టులో పై అధికారికి పంపమనండి, మీ దగ్గరైతే డీసీపీకి, దానికీ కదలకపోతే మెజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఇదంతా కోపంగా కాకుండా, రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడిగితే చాలాసార్లు అక్కడే పని అయిపోతుంది. ఎఫ్‌ఐఆర్ లేట్ అయితే ఆ బండితో ఎవడైనా గొలుసు తెంపినా, గుద్దేసి పోయినా ముందు ఇతని ఇంటికే వస్తారు. ట్రాఫిక్ చలానా సైట్‌లో తన బండి నంబర్ రోజూ కొట్టి చూసుకోమనండి, దొంగ హెల్మెట్ లేకుండా తిరిగితే చలానా ఓనర్ పేరు మీదే పడుతుంది, అందులో ఫొటో, చోటు, టైమ్ అన్నీ ఉంటాయి, అది తీసుకెళ్ళి స్టేషన్‌లో ఇవ్వొచ్చు. బండితో పాటు డిక్కీలో ఫోన్ కూడా పోయి ఉంటే పోయిన ఫోన్లని ఆపించే ప్రభుత్వ సైట్ సీఈఐఆర్ పోర్టల్‌లో ఫోన్ ఐఎంఈఐ నంబర్ ఇచ్చి బ్లాక్ చేయించాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఇవాళే ఫోన్ చేసి చెప్పి ఆ కంప్లైంట్ నంబర్ రాసుకోమనండి, క్లెయిమ్‌కి వాళ్ళు రెండు తాళాలూ అడుగుతారు, స్పేర్ కీ ఇంట్లో ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకుంటే మంచిది.